ఒకే నాడె

ప్రహ్లాదుని మాట నిలబెట్టడానికి స్తంభంలోంచి వచ్చిన నరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఆయన లేని చోటు లేదని చిన్నప్పటి నుంచి భాగవతంలో చదివాను, భజనలో పదిమందికీ చెప్పాను. అయినా ఆ ఏడు నాకు ప్రతి మనిషిలోనూ రోగమే కనిపించింది.

లాక్‌డౌన్ ఎత్తేశాక శనివారం భజన మళ్లీ మొదలుపెట్టాం. భజన మందిరంలో మనిషికీ మనిషికీ నడుమ సుద్దతో గీతలు గీసింది నేనే. ఇంట్లో ఆయాసంతో అమ్మ ఉంది. ఆమెకు అంటితే కష్టమని దవాఖానలో ముందే చెప్పారు. అందుకే నా చెవి పాట మీద కాదు, దగ్గుల మీద ఉండేది.

మద్దెల వాయించే మా బావది పక్కిల్లే. ప్రతి వారం తిరుమలగిరి అంగడికి పోయి వచ్చేవాడు. ఒక శనివారం కీర్తన నడుమ రెండుసార్లు దగ్గాడు. తీర్థానికి చెయ్యి చాపితే ఉద్ధరిణె వెనక్కి తీసుకున్నాను.

"అంగట్ల మిర్చి ఘాటు బామ్మర్దీ, కరోనా కాదు."

"ఏదైతేంది, జర దూరముండు బావా."

అందరూ చూస్తుండగా మద్దెల సంకన పెట్టుకొని వెళ్లిపోయాడు.

కానీ నేసి ఇవ్వాల్సిన చీర గడువు దగ్గరపడింది. ఇద్దరం మా ఇంట్లో ఒకే మగ్గం మీద నేసేవాళ్లం. పొద్దున నేను, మధ్యాహ్నం ఆయన. ఆయన వచ్చే వేళకు నేను పెరట్లోకి తప్పుకునేవాణ్ని. పోయాక పీట సబ్బుతో కడిగేవాణ్ని.

నాలుగో రోజు పొద్దున అమ్మ దర్వాజ దగ్గర నిలబడి ముక్కు మూసుకుంది. "పోగులకు పట్టే గంజి పులిసి కంపు కొడ్తాంది. నీకు వాసనొస్తలేదా బిడ్డా?"

కుండలో ముఖం పెట్టి చూశాను. నాకు ఏ వాసనా తెలియలేదు.

అప్పుడు చేతిలోని నాడెను చూశాను. మగ్గంలో అడ్డపోగును అటూ ఇటూ మోసేది అదే. లోపలి నూలు కండె మార్చినప్పుడల్లా నాడె కన్నానికి నోరు ఆనించి, పోగును పీల్చి బయటికి తీయడం మాకు తాతల నాటి అలవాటు. పొద్దున నేను పీల్చిన కన్నాన్నే మధ్యాహ్నం బావ పీల్చాడు. అక్కడ గీత గీయాలని నాకు తోచనే లేదు.

పరీక్షలో ఇద్దరికీ ఉందని తేలింది. గోడ అవతలి నుంచి బావ అరిచాడు: "తీర్థానికి పనికిరాని నోరు నాడెకు పనికొచ్చిందా బామ్మర్దీ?"

 ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆయన నుంచేనని నా మనసు ఇంకా గొణుగుతూనే ఉంటుంది.

అమ్మకు అంటలేదు. బావ మళ్లీ మద్దెల తెచ్చాడు. కానీ ఎవరు దగ్గినా ఉద్ధరిణె పట్టిన నా చెయ్యి ఆగిపోతుంది. అమ్మను కాచిన స్వామి ఈ చెయ్యిని కూడా ఆ భయం నుంచి విడిపించాలని, చదువుతున్న మీరూ నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి.