మాస్టారి చింతచెట్టుకు తొట్టి

కరోనా తగ్గిన మరుసటి ఏడు. చిలకలూరిపేట దగ్గర మా రేకుల షెడ్డులో, ఇప్పటిలాగే అప్పుడూ బోన్సాయ్ తొట్లు చేస్తున్నాను. బోన్సాయ్ అంటే పళ్లెమంత తొట్టిలో పెంచే మరుగుజ్జు చెట్టు. నా తొట్లు తాటిమొద్దులా, తుమ్మ బెరడులా ఉంటాయి. జపాన్ దాకా వెళ్లాయని అందరికీ చెబుతుంటాను. నిజానికి ఒంగోలు దాటింది ఒక్కటే, అదీ దారిలో పగిలింది.

ఒకరోజు ఒక డ్రాయింగ్ మాస్టారు చిన్న చింతచెట్టును ఒళ్లో పెట్టుకుని ఆటోలో వచ్చారు. వెంట ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ గారు. రిటైరయ్యాక షుగర్ వల్ల మాస్టారికి చూపు పూర్తిగా పోయింది. అయినా వేళ్లతో తడుముకుంటూ చెట్టును ఆయనే పెంచుతున్నారు. పాత తొట్టిలో వేర్లు ఇరుక్కుపోయాయి.

"మస్తానూ, తొట్టి కూడా చింతమానులాగే ఉండాలయ్యా. చెట్టు ఎక్కడ ఆగిందో, తొట్టి ఎక్కడ మొదలైందో నా వేలికి తెలియకూడదు."

"కళ్లున్నవాడికే తెలియకుండా చేస్తాను, మీరెంత!" అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆయన పగలబడి నవ్వారు.

బెరడు పగుళ్లన్నీ చెక్కి, పైన గ్లేజ్ వేశాను. బట్టీలో కరిగి గాజుపొరలా అంటుకునే పూత అది. తొట్టి నిగనిగలాడింది. మాస్టారు తడిమి, "ఇదేందయ్యా, టీకప్పా?" అన్నారు. గ్లేజ్ పగుళ్లలోకి కారి వాటిని పూడ్చేసింది. కంటికి కనపడే చెట్టు వేలికి అందలేదు.

గ్లేజ్ లేకుండా మళ్లీ చేశాను. పచ్చి తొట్టి నీడలో నిదానంగా ఆరాలి, తొందరపడితే చీలుతుంది. అది కాలి బయటికొచ్చేసరికి కల్లాల్లో మిర్చి ఎండుతోంది.

తొట్టి తీసుకెళితే లక్ష్మీకాంతమ్మ గారు గేటు దగ్గరే ఆపారు. "చెట్టు పోయిందన్నయ్యగారూ. నిలువునా ఎండిపోయింది. ఆకు రాలే కాలం కదా అని ఆయనకి సర్దిచెప్పాను. పొద్దున లేస్తే ఆయనకున్న పని అదొక్కటే. మీరు బయటపడకండి."

అబద్ధాల్లో నన్ను మించినవాడు జిల్లాలో లేడు కదా, సరేనన్నాను.

ఎండిన చెట్టునే కొత్త తొట్టిలో నాటాను. మాస్టారు మాను మీదనుంచి తొట్టి మీదికి వేళ్లు జార్చారు. "ఎక్కడ ఆగిందో తెలియలేదయ్యా!" అన్నారు. ఆ ముఖం చూసి నా నోరు ఆగలేదు.

"చెట్టుకీ నచ్చింది మాస్టారూ. అప్పుడే చిగురేస్తోంది."

"ఏదీ? నా వేలు పెట్టు దానిమీద."

ఎక్కడని పెట్టను? తొట్టి అంచున నేను ముచ్చటకి మట్టితో చేసిన చిన్న చింతచిగురు ఉంది. దానిమీద పెట్టాను. ఆయన కూరకి కోసే అలవాటున దాన్ని గిల్లబోయారు. గోరు దిగలేదు.

కాసేపు వేలు తియ్యలేదు. తర్వాత లోపలికి కేకేశారు. "ఏమే, చిగురేసిందంటనే! నీళ్లు పట్రా." గొంతు తగ్గించి నాతో అన్నారు: "నాకు తెలిసిపోయిందని దానికి తెలియనీయకయ్యా. నా కళ్లు పోయిననాడు నాకంటే అదే ఎక్కువ ఏడ్చింది."

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చారు. ఆయన చేతిని తన చేత్తో పట్టుకుని పోయించారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

చేత్తో చూసే మనిషికిచ్చే వస్తువు మీద ఉత్త ముచ్చటకి ఏదీ పెట్టకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. తొట్టి మీద చిగురు కావాలని ఇప్పుడెవరైనా అడిగితే నాకు చేతకాదంటాను. రాని పనులన్నీ వచ్చని చెప్పుకుని బతికిన నేను, వచ్చిన పనిని రాదనేది ఇదొక్కటే.