పెరట్లో దొరికిన నిజాం డబ్బీ

మొన్న ఇత్తడి చెంబును చింతపండుతో తోముతుంటే, ఆ పుల్లటి వాసనకు జగిత్యాల దగ్గర మా ఊరి పెరడు గుర్తొచ్చింది. ఎండాకాలం సెలవుల్లో నేనూ అన్నా నిజాం దాచిన బంగారం కోసం ఆ పెరడంతా తవ్వేవాళ్లం. ఒకరోజు జామచెట్టు కింద చిలుమెక్కిన చిన్న డబ్బీ దొరికింది. చింతపండు పెట్టి రుద్దితే మూత మీద ఏవో గీతలు తేలాయి.

"ఉర్దూల నిజాం అని రాసుంది," అన్నాడు ఉర్దూ ఒక్క ముక్క రాని అన్న.

నాన్న వాళ్లమ్మకు, అంటే మా బాపమ్మకు చూపించాం. ఆమె ముఖం మాడిపోయింది.

"ఉర్దూ గాదు బిడ్డా. మూత రాకుంటే నేనే కత్తితోని గీకిన. గిది నా ఆకువక్కల సున్నం డబ్బీ. మీ తాత చెల్లె ఎత్తుకపోయిందని లొల్లి వెట్టుకున్న. గప్పటిసంది మాకు మాటల్లేవు."

"మరి ఇప్పుడెట్ల?" అన్నాడు అన్న.

బాపమ్మ వీధి వైపు చూసి గొంతు తగ్గించింది. "ఏడ దొరికిందో ఆడ్నే బొందవెట్టుండ్రి. ఎవలకు చెప్పకుండ్రి."

అది సున్నం డబ్బీ అంటే మేం నమ్మలేదు. నిజాం సొమ్మని పోలీసులొస్తారని భయపడి అబద్ధమాడుతోందనుకుని గబగబా పూడ్చేశాం. పక్క వీధికి పోయి ఆడబిడ్డ ముందు "తప్పైంది" అనడం పోలీసులకన్నా పెద్ద భయమని, నాకు పెళ్లయి నాకూ ఒక ఆడబిడ్డ వచ్చాకే తెలిసింది.