మూడోతూరి అడగని పంతులమ్మ

ఆ రోజుల్లో ‘సరే’ అనే మాట ఇంత అగ్గువగా దొరికేది కాదు. ఇప్పుడు నా మనవరాలు ఫోను చెవికి పెట్టుకొని గడియకు పదిసార్లు ‘ఓకే’ అంటుంది. దేనికి ఒప్పుకుంటాందో దానికే తెలీదు. మా కాలంలో ఒప్పుకోడానికి ఎవరి మాట వాళ్లకుండేది. మొగోళ్లు ‘ఊఁ, కానీ’ అనేవాళ్లు. కోడండ్లు ‘అట్లేలే అత్తా’ అనేవాళ్లు. ఆడపిల్లలం ‘మీ ఇష్టం’ అనాల. అదైనా అడగంగానే అనగూడదు. మా జేజి, అంటే మా నాయన తల్లి, నాకు అక్షరాలకన్నా ముందు నేర్పిన పాఠం ఇది: “ఎవురన్నా ఏమన్నా ఇస్తామంటే మొదట వద్దనాల. రెండోతూరి అడిగితే ‘ఇబ్బుడే తినొచ్చినా’ అనాల. మూడోతూరికి తలకాయ దించుకోని ‘సరే, మీ ఇష్టం’ అనాల. తొలితూరికే చెయ్యి చాపితే మొగం వాచిన ఇంటి బిడ్డ అంటారే!”

ఈ పద్ధతి చెల్లనిది ఒక్క మా పులివెందుల మేనత్త ఇంట్లోనే. ఆమె ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసి సరిగ్గా రెండుసార్లే అడిగేది. “ఓళిగ తింటావామ్మే?” “వద్దత్తా.” “ఒగటన్నా?” “ఇబ్బుడే తినొచ్చినా.” “సరేలే పాప, బలవంతమేముంది,” అని గంప మీద గుడ్డ కప్పేసేది. (తిరిగి మా జమ్మలమడుగు చేరేదాకా బస్సులో నా కడుపు ఒకటే అరుపు. పిసినారి అని ఆమెను తిట్టుకున్నాను. ఇప్పుడు నా కోడండ్లు నన్నూ అదే మాట అంటారు, అది వేరే సంగతి.) అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

నేను ఐదో తరగతి ముగించిన ఏడు, ప్రొద్దుటూరిలో ఆడపిల్లలకు హాస్టలు పెట్టినారు. ఉండేదానికి చోటు, తినేదానికి బువ్వ, పైచదువు. మా వీధి నుంచి ఒక్క పిల్లను తీసుకుంటారని, ఎంచేదానికి ఆ హాస్టలు పంతులమ్మే వస్తుందని కబురొచ్చింది. మా నాయన ఎవరికీ ఊరికే తలూపే మనిషి కాడు. ఆయనే “బిడ్డకు ఇష్టముంటే నాకేం అడ్డం లేదు,” అన్నాడు. నా ఇష్టం సంగతి చెప్పాల్నా? రెండు పావడలు, పలక, పేన్ల దువ్వెన జేజి పాత చీర ముక్కలో మూటగట్టి తలుపెనక దాచిపెట్టుకున్నాను. తల దించుకొని ‘సరే, మీ ఇష్టం’ అనడం అద్దం ముందర నిలబడి నేర్చుకున్నాను కూడా. (తల దించితే అద్దంలో కనపడదని ఎంతసేపటికో గాని తెలీలేదు.)

పంతులమ్మది కోస్తా వైపు. తెల్లచీర, చేతికి గడియారం. మంచం మీద కూర్చోగానే జేజి మజ్జిగ తెచ్చింది. “వద్దండీ, ఇప్పుడే కాఫీ తాగాను.” “ఒగ గుక్క తాగమ్మా.” “నిజంగా వద్దండీ.” “మా ఇంటికొచ్చి ఊరికే పోతావా తల్లీ?” అని జేజి గ్లాసు చేతిలో కుక్కేసింది. ఆమె పాపం కండ్లు మూసుకొని తాగింది. అది చూసి నాకెంత ధైర్యమొచ్చిందో! ఈమెకూ మన పద్ధతి తెలుసు, మూడోతూరికే తీసుకునింది, అనుకున్నాను.

“ఏమ్మా, నీకు సమ్మతమేనా? మా హాస్టల్లో ఉండి చదువుకుంటావా?”

“వద్దులేమ్మా,” అన్నాను సిగ్గుపడతా, ఎంతో పద్ధతిగా.

పంతులమ్మ నా మొగం చూసింది. మా నాయన మొగం చూసింది. “పోనీలెండి, పిల్లల్ని బలవంతపెట్టకూడదు,” అని చేతిసంచి తీసుకొని లేచింది. నేను ‘ఇబ్బుడే...’ అనేదానికి నోరు తెరుచుకొని నిలబడే ఉన్నాను. ఆ రెండోమాటకు ఎవరూ చోటియ్యలేదు.

గడపలో నిలబడి చూస్తాండే దర్జీ మామ కూతురు (నోరు మూయదని వీధంతా దాన్ని గలగల అనేవాళ్లం) అడగకముందే దూకింది. “నేనొస్తా టీచరమ్మా! ఇబ్బుడే రావాల్నా, బువ్వ తినొచ్చేదా?” వీధి వీధంతా నవ్వింది. “సిగ్గులేని ముండ,” అని మా జేజి కూడా నవ్వింది.

గలగల పేరు రాసుకొని పంతులమ్మ ఎక్కిన జట్కా కదిలినాక జేజి తలుపు జరిపింది. మూట కనపడింది. “ఇదేందే?” అనింది. జేజి నవ్వు ఆగిపోయింది. చెప్పుల్లేకుండా, కొంగు నేల రాస్తాండగా, వీధి కొసదాకా పరిగెత్తింది. “ఓ పంతులమ్మా, ఇంగో మాట అడగమ్మా! ఇంగో మాట!” జట్కా మలుపు తిరిగింది. సాయంత్రం, ప్రొద్దుటూరికి పోయి ఇంగోతూరి అడిగి రమ్మని జేజి మా నాయన కాళ్లావేళ్లా పడింది. “నోటితో వద్దనిందిగదమ్మా, ఇంగ ఏ మొగం పెట్టుకోని పోవాల?” అన్నాడాయన. మూటను జేజే విప్పి, పలకను తుడిచి గూట్లో పెట్టింది. ఆ తరువాత బతికినన్నాళ్లూ నన్ను దేన్నీ మూడుసార్లు అడగలేదు. మొదటి మాటకే చేతిలో పెట్టేసేది. ఎందుకని నేనూ అడగలేదు.

గలగల టీచరై, రిటైరై, పోయినేడు నన్ను చూసేదానికొచ్చింది. ఓళిగ పెడతానంటే “రెండు పెట్టు,” అనింది. తింటా తింటా, “ఆపొద్దు ఎందుకు వద్దంటివే?” అని అడిగింది. “ఇంగ రెండుతూర్లు అడుగుతాదనుకున్యా,” అన్నాను. ఇద్దరం కండ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వినాం. నీళ్లు మాత్రం నవ్వు అయిపోయినా ఆగలేదు. అప్పుడది చెయ్యి కడుక్కొని, చీర సర్దుకొని, ఆ పంతులమ్మ మాదిరే కూర్చొని అడిగింది: “ఏమ్మా, చదువుకుంటావా?”

“వద్దులేమ్మా.”

“చదువుకుంటావా?”

“ఇబ్బుడే తినొచ్చినా.”

“చదువుకుంటావామ్మే?”

తల దించుకున్నాను. అద్దం ముందర నేర్చుకున్న మాట ఇన్నేండ్లకు గాని నోట్లోంచి రాలేదు. డెబ్బై దాటిన దాన్ని, పండ్లు లేని దాన్ని, దాని ముందర సిగ్గుపడతా “సరే, మీ ఇష్టం,” అన్నాను. జట్కా మాత్రం ఏదీ రాలేదు.