స్తంభాలు లావైన స్టేషను

మా నాయన కర్మలు అయిపోయిన మరునాడే నేను పనిలోకి వెళ్లాను. ఇంట్లో కూర్చుని చేసేదేమీ కనపడలేదు. చెన్నైలో వంతెన మీద నడిచే రైలు లైనులో ఒక పాత స్టేషనును బలపరిచే పని మా కంపెనీకి వచ్చింది. నేను సైటు ఇంజనీరును. సముద్రపు గాలికి స్తంభాల లోపలి ఇనుప కంబీలు తుప్పు పట్టి ఉబ్బి, కాంక్రీటు పెచ్చులుగా ఊడుతోంది. సుత్తితో తట్టుకుంటూ పోవాలి. డొల్లగా మోగినచోట సుద్దముక్కతో గీత గీయాలి. ఆ మేరకు చెక్కేసి, కొత్త కంబీలు కట్టి, చుట్టూ మళ్లీ కాంక్రీటు పోసి స్తంభాన్ని లావు చేస్తారు. తట్టడం, వినడం, గీయడం. అంతకుమించి ఆలోచించే పని లేకపోవడం నాకు బాగానే ఉండేది.

స్టేషను మెట్ల కింద ఒకావిడ టీ అమ్మేది. వాషర్‌మెన్‌పేట్ నుంచి వచ్చేది. మా ఇంట్లో మాట్లాడే తెలుగే ఆవిడదీ. పని జరిగే చోటి చుట్టూ కంచె కట్టించి, ఆవిడ బండిని దాని బయటికి జరిపించింది నేనే. అయినా కోపం పెట్టుకోలేదు.

ఒకరోజు పొద్దున పైన చెక్కే యంత్రం నడుస్తోంది. నేను కింద ఒక స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. సుత్తి చేతిలోనే ఉంది, తట్టడం లేదు. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

"ఏం పాపా, ఆడనే నిలబడిపోతివే? ఈడికి రా, టీ ఆరిపోతా ఉండాది!" అని కంచె అవతలి నుంచి ఆవిడ కేకేసింది.

నాకు తాగాలని లేదు. పిలిచింది కదా అని నడిచాను. కంచె దాకా వచ్చేసరికి వెనక పెద్ద చప్పుడు. పైన ప్లాట్‌ఫారం అంచు విరిగి, నేను నిలబడ్డ చోటే పడింది. అంత బరువుకు నా తలమీది హెల్మెట్ ఆగేది కాదు.

ఆవిడ పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అయ్యో నా తల్లీ! నేను పిలవకుంటే ఏమయ్యుండును?"

"ఏం కాలేదులే అక్కా."

"నీకు బయం కాలేదా?"

"లేదక్కా."

నిజంగానే కాలేదు. ఆవిడనే స్టూలు మీద కూర్చోబెట్టి, నాకోసం పోసిన టీ ఆవిడ చేత తాగించాను.

"ఇంట్లో ఎవురుండారు నీకు?"

"అమ్మ ఉండాది. నాయన పోయిన నెల పోయినాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడి, దుమ్ము అణగడం చూస్తూ ఉన్నాను.

ఆరోజు పని ఆపేశాం. అంచు పొడవునా వలలు కట్టించి, కింద ఇనుప ఆసరాలు నిలబెట్టాకే మళ్లీ మొదలుపెట్టాం. సాయంత్రం వ్యాసర్పాడిలో ఇంటికి పోయి అన్నం తిన్నాను. అమ్మకు చెప్పలేదు.

పని ముగిసి స్టేషను మళ్లీ తెరిచిన రోజు, స్తంభాలు లావై దారి ఇరుకైందని జనం విసుక్కున్నారు. టీ ఆవిడకు రెండో గేటు దగ్గర చోటు ఇప్పించాం.

"ఇంక పడదు గదా పాపా?"

"పడదక్కా."

ఆవిడ సరేనని తలూపి, వచ్చినవాళ్లకు టీ పోయడంలో పడింది. నేను పైకెక్కి రైల్లో కూర్చున్నాను. కిటికీలోంచి మిద్దెలు, వాటి మీద ఆరేసిన బట్టలు వెనక్కి పోతున్నాయి. సంతోషమూ లేదు, బాధా లేదు. ఆఫీసుకు దిగాల్సిన స్టేషను వచ్చింది, దిగాను.