వాలుగ చేపా, నా పురుడూ

మొన్న మా మనవరాలు ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో మంచు దేశపు చెరువు, అందులో పొడుగు మూతి చేప. మస్కీ అంటారట. బతికున్న చిన్నచేపను ఎరగా గుచ్చి దాన్ని పడతారట. అంతవరకూ బాగానే ఉంది. కింద జనం రాసుకున్నది కూడా చదివి వినిపించింది. ఈ చేప గుంపుగా వేటాడుతుందా, ఒంటరిగానా అని ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటున్నారు. "ఆపీయే తల్లీ, నీకో దండం!" అన్నాను. ఆ పిచ్చి మా ఇంటితోనే పోయిందనుకున్నాను. లోకమంతా ఉందన్నమాట.

మా ఆయనది గంజాం. ఉప్పు మడుల దగ్గర మేస్త్రీ పని. నా పుట్టిల్లు బరంపురం, గేట్ బజార్ వెనక సందులో. అన్నయ్యకు ఆ బజార్లోనే చిన్న బట్టల కొట్టు. పెళ్ళయిన కొత్తలో బావాబావమరుదుల స్నేహం చూసి మా అమ్మ దిష్టి తీసింది. కొట్టుకి సెలవొస్తే చాలు, అన్నయ్య బస్సెక్కి గంజాం వచ్చేసేవాడు. చెల్లెలంటే ఎంత ప్రేమో అని వీధంతా అనుకునేది. నన్ను చూడ్డానికా వాడొచ్చింది? నా మంచినీళ్ళ బిందె కోసం! ఋషికుల్య ఏట్లో వాలుగను పట్టాలంటే ఎర బతికుండాలి. ముందు రోజు సాయంత్రమే పరిగె చేపపిల్లల్ని పట్టి తెచ్చి, ఇంట్లో అన్ని కుండలుండగా, అవైతే పగుల్తాయని నా ఇత్తడి బిందెలో వదిలేవారు. ఒకసారి మా అత్తగారికి భోజనం మధ్యలో పొలమారితే ఆదరాబాదరాగా నీళ్ళు ముంచి ఇచ్చాను. గ్లాసులో తోక ఆడింది. ఆవిడ ఆ తర్వాత చాలాకాలం నా చేతి నీళ్ళు తాగలేదు. చేపలు వాళ్ళకి, తిట్లు నాకు.

వాలుగ అంటే మీసాల చేప. పెద్ద నోరు, సిగ్గులేని తిండి. "దొంగ తోడు తెచ్చుకుంటాడేటి? ఒక్కతే గోతిలో పొంచుంటాది" అని అన్నయ్య వాదన. "నీకు గుడ్డ కొలవడం తెలుసు గానీ ఏరు తెల్దు బావా. నాలుగైదు కలిసి సిన్న సేపల్ని గట్టుకి తోల్తాయి. నా కళ్ళతో సూసేను" అని మా ఆయన వాదన. ఈ గోల వంటింట్లోనూ ఆగేది కాదు, ఉప్మా చల్లారిపోయేది. ఒక ఆదివారం ఇద్దరూ ఒకే మడుగులో పక్కపక్కనే గాలాలు వేశారు. పరిగె వెన్నుముల్లుకు తగలకుండా, వీపు రెక్క కింద తోలుకి మాత్రమే గాలం గుచ్చడం వాళ్ళకో పెద్ద పూజ. రెండు బెండ్లూ ఒకేసారి మునిగాయి. "రెండు సేపలు!" అని మా ఆయన, "ఒకటే, రెండెరలూ అదే మింగింది!" అని అన్నయ్య. చెరో వైపూ లాగారు. దారాలు పెనవేసుకుని తెగిపోయాయి. ఒకటో రెండో, ఏదైతేనేం, ఏట్లోకి పోయింది. వెర్రినాయనల్లారా, కలిసి లాగితే తెలిసిపోయేది కదా! నీవల్లంటే నీవల్లని గట్టు మీదే కొట్టుకున్నంత పని చేసి, మాటలు మానేశారు.

అప్పటికి నాకు అయిదో నెల, తొలిచూలు. ఏడో నెలలో పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచి పురిటికి తీసుకెళ్ళాలి. పిలవకుండా వెళితే ఆడపిల్లకు చిన్నతనం, అల్లుడికి అవమానం. నాన్న లేడు కనక రావలసింది అన్నయ్యే. ఏడో నెల వచ్చింది, వాడు రాలేదు. "వాలుగ ఒంటరిదని ఒప్పుకోమను, అప్పుడు ఆ గుమ్మం ఎక్కుతాను" అని అమ్మతో అన్నాడట. ఎనిమిదో నెలలో కడుపుతో ఉన్నవాళ్ళను కదిలించరు. తొమ్మిదోది వచ్చింది. కాళ్ళు పొంగి చెప్పులు పట్టడం లేదు. పక్కింటి ఒడియా కోడలు తొలి కాన్పులోనే పోయిన కొత్త. నాకు చచ్చేంత భయం. మా అమ్మ చెయ్యి పట్టుకుని కనాలి, అదొక్కటే నా కోరిక. బస్సు వేళకి రోజూ వీధిలోకి చూసేదాన్ని. అన్నయ్య మీద ఏడుపు, ఆయన మీద కోపం, ఆ చేప మీద అంతకంటే కోపం.

ఒక పొద్దున్న ఆయన తాపీగా గాలానికి కొత్త దారం కడుతున్నారు. అమ్మ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. "పిలుపు నేకుండా ఎలాగెల్తాం? నాకు మర్యాద నేదేటి?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాలుగలు గుంపుగా ఎల్తాయో ఒంటరిగా ఎల్తాయో నాకు తెల్దు. నాను మాత్రం ఒంటరిగానే ఎల్తన్నాను. మీ మర్యాద ఊరగాయ ఎట్టుకోండి!" అని బట్టల సంచి పట్టుకుని బయల్దేరాను. అత్తగారు ఆపుతారనుకున్నాను. ఆవిడ నా సంచిలో చింతకాయ పచ్చడి సీసా పెట్టి, "ఎల్లమ్మా, ఆళ్ళిద్దరికీ బుద్ది నేదు" అన్నారు. కండక్టరు "ఆస్తే, ఆస్తే" అని మెల్లిగా ఎక్కమంటూ ముందు సీటు ఖాళీ చేయించాడు. ఛత్రపురం దాటాక వెనక్కి తిరిగి చూద్దును కదా, ఆఖరి సీట్లో మా ఆయన, తల వంచుకుని.

అమ్మ నన్ను చూసి ముందు "పిలవకుండా ఒచ్చీసేవేటే!" అని నోరు నొక్కుకుంది. తర్వాత నా కాళ్ళు చూసి ఏడ్చింది. ఆయన అరుగు మీదే కూలబడ్డారు, లోపలికి రారు. అన్నయ్య కొట్టు నుంచి వచ్చి ఆయన పక్కనుంచే ఇంట్లోకి వచ్చాడు, పలకరించడు. బస్సు కుదుపులకో ఏమో, మర్నాడు మధ్యాహ్నం నాకు నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చింది. అమ్మ చెయ్యి నా చేతిలో ఉంది. ఇంకేం భయం అనుకుంటూ ఉండగా కిటికీ అవతల గొంతులు. "కాఫీ తాగు బావా" అని అన్నయ్య. "బయ్యంగా ఉంది బావా" అని మా ఆయన. హమ్మయ్య, మాట్లాడుకున్నారు అని నా ప్రాణం కుదుటపడింది. కాసేపైనా గడవాలి కదా! "అయినా బావా, ఆ రోజు నువ్వు దారం ఒదిలేసుంటే..." "ఎందుకొదుల్తాను? అక్కడున్నవి రెండు సేపలైతేనూ!"

"నోర్ముయ్యండి ఇద్దరూ!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆ అరుపుతోనే పిల్ల పుట్టింది.

ముసలివాళ్ళయినా ఆ వాదన ఆపలేదు. పెళ్ళి పందిళ్ళలో, ఆసుపత్రి వరండాల్లో, ఎక్కడ కలిస్తే అక్కడే. విసుక్కోని రోజు లేదు నేను. చివరికి అన్నయ్య పోయాడు. పదోరోజు భోజనాల దగ్గర మా ఆయన విస్తరి ముందు ఊరికే కూర్చున్నారు. అన్నం కలపలేదు. "ఒకటే సేపేమోనే. బావ సెప్పిందే రైటేమో" అన్నారు.

"ఆ ముక్క ఆడు బతికుండగా అనడానికి మీకేటి రోగం?" అని కసిరాను. కసిరి, వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ మాట నోటిదాకా రావడానికి ఒక జీవితం తీసుకున్నారు మహానుభావుడు. వినవలసినవాడి కాలం అన్నాళ్ళు కాచుకుని కూర్చుంటుందా?