ఉష తెరిచిన సీసా

తడ దగ్గర ఒక చిన్న రసాయనాల కంపెనీలో ఉష ఉద్యోగం. పొడులను పరీక్షించి, తూచి, చిన్న సీసాల్లో నింపుతుంది. అవి రోగులకిచ్చే మందులు కావు, పరిశోధనకు మాత్రమే. వాటిలో ఒక పొడంటే ఆమెకు ప్రత్యేకమైన ఇష్టం. కణాల్లో ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైములుంటాయి. చెడిన కణాన్ని చంపేవి అవే. క్యాన్సర్ కణాల్లో ఒక ప్రోటీన్ వాటిని కదలనీయకుండా పట్టి ఉంచుతుంది. ఈ పొడి ఆ పట్టు విడిపిస్తుంది. పులికాట్ సరస్సులో చేపల వేట చేసే తండ్రి గంగాధరానికి ఎన్నిసార్లు చెప్పినా, "అయితే జబ్బు తగ్గుద్దా?" అనే అడిగేవాడు.

ఆర్నెల్ల కిందట నింపి దాచిన నమూనాను ఆ రోజు మళ్లీ పరీక్షించింది. మిషన్ తెరమీద గీత ఒక్క శిఖరంగా లేవాల్సిన చోట రెండు లేచాయి. మిషన్ కడిగి మళ్లీ పెట్టింది. మళ్లీ రెండే. పొడిలో ముప్పాతిక పాడైపోయింది.

ఉష రిజిస్టరు తీసి తేదీ చూసింది. అది గాలివాన రోజున నింపిన పొడి. ఆ రోజు పడవ మీద పోయిన నాన్నకు ఫోన్ కలవలేదు. ఫ్రీజర్‌లోంచి తీసిన సీసాను గంటసేపు ఆగి తెరవాలి, లేకుంటే గాలిలోని చెమ్మ పట్టి పొడి పాడవుతుంది. ఆ రోజు ఆమె పది నిమిషాలైనా ఆగలేదు. నాన్న క్షేమంగా ఒడ్డు చేరాడు. అప్పుడు నింపిన మిగతా సీసాలు చెన్నైలో ఒక ల్యాబుకు చేరాయి.

"చెన్నై వాళ్లేమీ అనలేదు గదమ్మా, నువ్వెందుకు కెలకతావు?" అన్నాడు మేనేజర్ పెంచలప్రసాద్.

"తెలీక అనలేదు సార్. తప్పు నేను చేశా, నేనే చెప్తా."

అన్నదే గాని, రెండు రోజులు ల్యాబు నంబరు నొక్కడం, కట్ చేయడం. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. మూడో రోజు ఫోన్ చేసింది. ఆ ల్యాబులో పరిశోధన చేసే మెర్లిన్ ఎత్తింది. కావలి ఊరి అమ్మాయి.

ఉష జరిగిందంతా చెప్పింది. మెర్లిన్, "నాలుగు నెలలుగా మీ పొడి వేసినా క్యాన్సర్ కణాలు చావడంలేదు మేడమ్. నా చేతే మంచిది కాదన్నారు మా గైడు. నేనూ అదే అనుకున్నా," అంది. "ముందే ఎందుకు చూడలేదు మీరు?"

రేపు కొత్త సీసా తెస్తానంది ఉష.

మర్నాడు కొత్త సీసాను ఐసు పెట్టెలో పెట్టుకుని చెన్నైకి లోకల్ రైలెక్కింది. పోస్టులో పంపొచ్చు, కానీ మనసొప్పలేదు. ల్యాబులో మెర్లిన్ ఎదురుగా కూర్చుని, సీసా చల్లదనం పోయేదాకా గంటసేపు ఇద్దరూ గోడ గడియారం చూశారు. తర్వాత మూత మెర్లిన్ చేతనే తీయించింది.

ఆఫీసులో ఉషకు మెమో ఇచ్చారు, సీసాలు నింపే పని తప్పించారు. మూడు వారాలకు మెర్లిన్ మెసేజ్ పంపింది: "అక్కా, కణాలు చస్తున్నాయి. అన్నీ కాదు, సగమే. మిగతా సగం ఎందుకు చావడంలేదో ఇప్పుడు వెతకాల."

ఉష అది నాలుగుసార్లు చదివింది. కుర్చీలో కుదురుగా ఉండలేక లేచి, ఆ మిగతా సగం గురించే ఆలోచిస్తూ వరండాలో అటూ ఇటూ తిరగసాగింది.