కోళ్లత్త చేతివాసి

ఇందుమూలంగా మా వీధి పుంజులకూ పెట్టలకూ తెలియజేయడమేమనగా, ఇకమీదట మీరు వేళ తప్పి కూసినా, ఎవరి గుమ్మంలో రెట్ట వేసినా అడిగేవారు లేరు. మిమ్మల్ని పేరుపెట్టి తిట్టే మనిషి మొన్న తెల్లారకుండానే పోయింది.

ఆవిడ నాకు చుట్టం కాదు, గోడ అవతలి మనిషి. వీధంతా కోళ్లత్త అనేది, నేను ఒట్టి అత్త అనేవాణ్ణి. చీపురుపల్లి సంతలో గంప దించేలోపే ఆవిడ కోళ్లు అయిపోయేవి. అంత ఏపుగా పెరిగితే లోకం ఊరుకుంటుందా? సూదిమందు పొడుస్తోందని పుకారు. దానికి నా నోరూ సాయం పట్టింది.

"ఏటత్తా, ఈ పూట సూదులు పొడిసేసినావా?" అని గోడ మీంచి అడిగేవాణ్ణి.

"ఒకటి మిగిలిపోనాది. నాలిక సాపు," అనేది.

పశువుల డాక్టరు ఊళ్లో మీటింగు పెట్టి చెప్పిన హార్మోన్ల సంగతి ఆవిడకు మహా నచ్చింది. తవుడులో ఎండుచేపల పొడి, తెలగపిండి కలుపుతూ నాకు పాఠం చెప్పేది.

"పెరుగు, పెరుగు అని తలకాయలోంచి ఒక హార్మోను కేకలేస్తాదిరా. అది ఇని కార్జం, అదేరా లివరు, ఇంకో హార్మోను తీసి ఒళ్లంతా పంపాల. తిండిలో ప్రొటీను లేదనుకో, పైనున్నది ఇంకా గట్టిగా అరుస్తాది గానీ కార్జం పలకదు. పిట్ట ఎదగదు, కొవ్వు పడతాది. అచ్చం నీలాగ. మీ యమ్మ కేకలకేటైనా లోటు సేసిందేటి?"

అప్పటికే నాకు బట్టతల. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు. అత్త శ్రీకాకుళంలో కూతురింటికి వెళ్లిన రోజు, చేపల పొడి డబ్బా ఖాళీ చేసి వేయించిన తవుడు నింపాను. పైన మాత్రం గుప్పెడు పొడి చల్లాను. రాగానే వాసన పట్టేస్తుంది, చీపురు తిరగేసి నా మీదికొస్తుంది, వీధి నవ్వుకుంటుంది. నేననుకున్నది అంతే.

ఆ ఏడు వచ్చిన జ్వరంతో అత్తకు వాసన తెలియడం మానేసిందని నాకెవరు చెప్తారు? ఇవాళ పట్టుకుంటుంది, రేపు పట్టుకుంటుంది అనుకుంటూ డబ్బా అడుగంటేదాకా చూస్తూ కూర్చున్నాను. కోడిపిల్లలు ఈకలు రేగి, కాళ్లు సన్నబడి, ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

మా వైపు ఒక నమ్మకముంది. కోడిపిల్లలు ఎదక్కపోతే గింజలు చల్లే చెయ్యి చెడిందంటారు, చెయ్యి మారుస్తారు. హార్మోన్ల పాఠం చెప్పిన మనిషి ఇది నమ్మదనుకున్నాను. కానీ ఆ పాఠమే ఆవిణ్ణి అక్కడికి తీసుకుపోయింది.

"పొడేసినాను, పిండేసినాను. తిండిలో లోపం లేదు," అంది కోడలితో. "మరింక నా సేతిలోనే ఉన్నాది."

గంప కోడలికిచ్చేసింది. అంతే, మళ్లీ గింజ చల్లలేదు. అరుగు మీద కూర్చునే తిట్లు మాత్రం చల్లేది.

ఆఖర్న ఆవిడ మంచం పట్టినప్పుడు వెళ్లి అంతా చెప్పేశాను. "నాకు తెల్దేటిరా? ఆ పొద్దే నీ మొకం సెప్పీసినాది," అని దగ్గుతూ నవ్వింది. దహనమయ్యాక ఈ ముక్క చెబితే, కోడలు ఏడుస్తూనే నవ్వింది. వీధి కూడా నవ్వింది. మంచి ముక్క. మీకూ నచ్చే ఉంటుంది.

ఆ ముక్క నేను కట్టింది.

వెళ్లిన మాట నిజం. "ఏటల్లుడూ, ఇలగొచ్చినావు?" అని అడిగింది. "ఏటీ లేదత్తా," అన్నాను. అంతలో కోడలు పెంచుతున్న పెట్ట ఒకటి పిల్లల్ని వెంటేసుకుని మంచం కిందికొచ్చింది. అత్త వాటిని చూసి, దుప్పటి మీదున్న రెండు చేతులూ మెల్లగా లోపలికి లాక్కుంది.